వెలుగుతో వైద్యం: ఒక రిపేరు మనిషి మాటలు

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"వైద్యంలో కాంతి పరిజ్ఞానం" అని కమిటీ వాళ్లు విషయం చెప్పినప్పుడు, ఇది డాక్టర్లు మాట్లాడాల్సింది కదా అన్నాను. మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్లు ఇక్కడ ముందు వరుసలోనే ఉన్నారు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, 1994 నుంచి దవాఖానల్లో మిషన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. "మాకు డాక్టర్లు దొరికారు, మిషను మూత విప్పి చూసినవాడు కావాలి" అన్నారు. ఆ మాటకు ఒప్పుకున్నాను. తప్పులు మాట్లాడితే డాక్టర్లు భోజనాల దగ్గర సరిదిద్దండి, అందరి ముందూ వద్దు.

ఎనిమిదో తరగతిలో మన సైన్సు సారు ఒకరోజు గది కిటికీలకు గోనె సంచులు కట్టించి చీకటి చేశారు. మూడు సెల్లుల టార్చి తెచ్చి, వెలిగించి, తన వేళ్లు దాని అద్దానికి ఆనించారు. వేళ్లు నిప్పుల్లా ఎర్రగా మెరిశాయి. "తెల్ల వెలుగు లోపలికి పోయింది, ఎర్రది బయటికొచ్చింది. మిగతా రంగులు ఎటుపోయినయ్ రా?" అని అడిగారు. మాలో ఒకడు "ఎముక మింగింది సార్" అన్నాడు. "నెత్తురు మింగింది" అన్నారు సారు. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు కాబట్టి అందరం మర్చిపోయాం. పదేళ్ల తరువాత ఒక ఆపరేషన్ థియేటర్‌లో పల్స్ ఆక్సీమీటర్ విప్పి, అందులో చిన్న ఎర్ర బల్బును చూసినప్పుడు నాకు ఆ గోనె సంచుల గది గుర్తొచ్చింది.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ప్రాంతంలో వెలుగుతో పని చెయ్యని ల్యాబ్ దాదాపు లేదు. మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసే మనవాళ్లు ఈ హాల్లోనే ఇరవై ముప్పై మంది ఉంటారు. క్యువెట్‌లో ద్రావణం పోసి, స్పెక్ట్రోఫొటోమీటర్‌లో పెట్టి, వెలుగు ఎంత లోపలే ఆగిపోయిందో చూసి మందు ఎంత ఉందో లెక్కగట్టడం వాళ్లకు రోజువారీ పని. ఇక్రిశాట్ ఆవరణలో పరారుణ కాంతితో పంట గడ్డి నాణ్యత కొలుస్తారు. దవాఖాన ల్యాబ్‌లో మీ షుగరు, హిమోగ్లోబిన్, బిలిరుబిన్ చూసేది కూడా చాలావరకు ఇదే సూత్రం మీద. నెత్తురుకు ఒక మందు కలుపుతారు, రంగు వస్తుంది, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో వెలుగు చెబుతుంది. కంది దగ్గర ఐఐటీ వచ్చింది, అక్కడ బయోమెడికల్ ఇంజనీరింగ్ శాఖ ఉంది. మన పిల్లలు సైకిల్ మీద పోగలిగినంత దూరంలో ఈ పరిశోధన జరుగుతోందంటే, గోనె సంచుల కాలం వాళ్లకు నమ్మబుద్ధి కాదు.

అన్నీ చెబితే భోజనాలు ఆలస్యమవుతాయి. రెండు మిషన్ల గురించే చెబుతాను. ఒకటి వేలికి పెట్టేది, రెండోది పసిపిల్లల మీద పెట్టేది. రెండూ నాకు గుణపాఠాలు నేర్పాయి.

మొదటిది పల్స్ ఆక్సీమీటర్. దీని వెనక ఉన్నది జపాన్‌లో నిహాన్ కోడెన్ కంపెనీ ఇంజనీరు టకువో అయొయాగి. ఆయన నిజానికి వేరే పని మీద ఉన్నాడు. నెత్తుట్లోకి రంగు ఎక్కించి, చెవి గుండా వెలుగు పంపి, గుండె ఎంత రక్తం తోస్తోందో కొలవాలని చూస్తున్నాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా రీడింగ్ ఊగేది, లెక్క చెడేది. ఆ ఊగడాన్ని ఎలా తీసేయాలా అని ఆలోచిస్తూ, అసలు సమాచారం ఆ ఊగడంలోనే ఉందని పట్టుకున్నాడు. చర్మం, ఎముక, గోరు వెలుగును ఎప్పుడూ ఒకేలా ఆపుతాయి. కొట్టుకునేది ధమని రక్తం ఒక్కటే. మారే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చర్మాన్నీ ఎముకనూ పక్కకు పెట్టినట్టే. 1974లో దాన్ని లోకానికి చెప్పాడు. 2020 ఏప్రిల్‌లో, ప్రపంచమంతా ఆయన మిషన్ కోసం మెడికల్ షాపుల ముందు వరుస కట్టిన రోజుల్లో, ఆయన చనిపోయాడు. మన పేపర్లలో ఆ వార్త పెద్దగా వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

లోపల రెండు చిన్న ఎల్ఈడీలు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది 940 నానోమీటర్ల పరారుణం, అది కంటికి కనబడదు. రెండూ సెకనుకు వందలసార్లు మార్చి మార్చి వెలుగుతాయి. ఆక్సిజన్ ఉన్న నెత్తురు ఎరుపును ఎక్కువ పోనిస్తుంది, పరారుణాన్ని ఎక్కువ ఆపుతుంది. ఆక్సిజన్ లేనిది దానికి తిరగబడి ఉంటుంది. రెండింటి నిష్పత్తి చూసి మిషన్ ఒక పట్టిక వెతికి 97 అనో 91 అనో చెబుతుంది. ఆ పట్టిక ఎక్కడ నుంచి వచ్చింది? ఆరోగ్యంగా ఉన్న మనుషులకు కాసేపు ఆక్సిజన్ తగ్గించి, వాళ్ల నెత్తురు తీసి పరీక్షించి తయారుచేసింది. అంటే ఆ చిన్న పెట్టెకు తెలిసిన నెత్తుర్లు రెండే: ఆక్సిజన్ ఉన్నది, లేనిది. మూడో రకం వస్తే దానికి తెలియదు. తెలియదని చెప్పడం కూడా రాదు, ఏదో ఒక అంకె చూపిస్తుంది.

2011లో ఒక చలికాలపు రాత్రి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్ బాగుచేస్తున్నాను. నైట్ షిఫ్ట్‌లో ఉన్న ఒక కుర్రాణ్ణి కంపెనీ జీపులో తీసుకొచ్చారు. ఇరవై ఐదేళ్లు కూడా ఉండవు. డ్రమ్ము కడుగుతుంటే ప్యాంటు మీద ఏదో ఒలికిందట. పెదవులు, గోళ్లు నీలంగా ఉన్నాయి. మాట్లాడుతున్నాడు, తలనొప్పి అంటున్నాడు. ఆక్సీమీటర్ పెడితే 85. ఆక్సిజన్ పెట్టారు, 85. ఫుల్ పెట్టారు, అదే 85. వేలు మార్చారు, ప్రోబ్ మార్చారు. 84, 86, మళ్లీ 85.

డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు నన్ను పిలిచాడు. "అన్నా, మీ మిషన్ అక్కడే ఇరుక్కపోయిందా ఏంది?"

నా వేలికి పెట్టుకున్నాను, 98. వార్డు బాయ్‌కి పెట్టాను, 97. "మిషన్ మంచిగనే ఉంది సార్" అని చెప్పి వెనక్కు తిరిగాను. నా ఉద్యోగం అంతవరకే కదా.

అప్పుడు నెత్తురు తీస్తున్న సిస్టరమ్మ, ఆమెకు సర్వీసు చాలా ఉంది, "సార్, ఇది చూడండి" అంది. సిరంజిలో నెత్తురు ఎర్రగా లేదు, నల్లబెల్లం పాకం రంగులో ఉంది. ఒక చుక్క తెల్లటి గాజు గుడ్డ మీద వేసి గాలికి ఊపింది. మామూలు నెత్తురైతే గాలి తగిలి ఎర్రబారాలి. అది అలాగే గోధుమ రంగులో ఉండిపోయింది. చిన్న డాక్టరు పెద్ద డాక్టరుకు ఫోన్ కలిపాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏం కెమికల్ పడింది?"

తీసుకొచ్చిన వాళ్లు ముఖాలు చూసుకున్నారు. "తెల్వదు సార్. నీలం డ్రమ్ముల ఉంటది. బూటు పాలిష్ వాసనొస్తది."

ఆ వాసన మాటతో పెద్దాయన పట్టేశారు. నైట్రోబెంజీన్ అయి ఉండొచ్చు అన్నారు. కంపెనీ వాళ్లు ఫోన్ ఎత్తి అవునని చెప్పేసరికి నలభై నిమిషాలు పట్టింది. అనిలిన్, నైట్రోబెంజీన్ లాంటివి చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి. పోయి హిమోగ్లోబిన్‌ను మెథిమోగ్లోబిన్‌గా మారుస్తాయి. అది ఆక్సిజన్ మొయ్యదు. దానికి ఎరుపూ పరారుణమూ దాదాపు ఒకటే, రెండింటినీ ఇంచుమించు సమానంగా ఆపుతుంది. నిష్పత్తి ఒకటికి దగ్గరవుతుంది. మిషన్ పట్టికలో ఒకటికి ఎదురుగా రాసున్న అంకె 85. అందుకే మనిషికి కొంచెం తగిలినా, చావుకు దగ్గర పడినా, అంకె 85 దగ్గరే తచ్చాడుతుంది. నేను చెప్పింది నిజమే, మిషన్ మంచిగనే ఉంది. దాని దగ్గర లేని జవాబును దాన్ని అడిగాం, అంతే.

ఇంకో సంగతి, నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకునేది. ఆ కుర్రాడు వచ్చి అరగంటైనా తడిసిన ప్యాంటు వాడి ఒంటి మీదే ఉంది. అందరి కళ్లూ అంకె మీదున్నాయి, నావి కూడా. సిస్టరమ్మే కత్తెరతో కోసి తీసేసి, సబ్బు నీళ్లతో కడిగించింది.

విరుగుడు మిథిలీన్ బ్లూ. మన బడి ల్యాబ్‌లో ఉల్లిపాయ పొరకు వేసిన నీలి రంగు గుర్తుందా, దాని శుద్ధమైన రూపమే ఇంజెక్షన్. అది సిటీ నుంచి రావాల్సి వచ్చింది. ఎక్కించగానే ఆక్సీమీటర్ 85 నుంచి డెబ్బైల్లోకి పడిపోయింది. బయట వాళ్లన్న గొల్లుమన్నాడు. ఆ నీలి రంగు తనే ఎరుపు వెలుగును మింగుతుంది కాబట్టి కాసేపు అలా పడుతుందని, నిజంగా పడిపోవడం కాదని పెద్ద డాక్టరు ముందే హెచ్చరించారు కనుక లోపలివాళ్లు కంగారు పడలేదు. తెల్లారేసరికి పెదవులు ఎర్రబడ్డాయి. 96 చూపించింది. అప్పుడు ఆ అంకెను నమ్మొచ్చు.

ఇలాంటి నెత్తురును సరిగ్గా చదివే మిషన్ ఉంది, కో-ఆక్సీమీటర్ అంటారు. సూత్రం అదే, రెండు రంగులకు బదులు చాలా రంగులు వాడుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో బ్లడ్ గ్యాస్ మిషన్‌తో కలిసి వస్తుంది. కెమికల్ ఫ్యాక్టరీలు ఇన్ని ఉన్న చోట అది ఎక్కడుందో, మిథిలీన్ బ్లూ ఎక్కడ నిల్వ ఉందో షిఫ్ట్ సూపర్‌వైజర్‌కు తెలిసి ఉండాలని నా అభిప్రాయం. ఇక్కడ సేఫ్టీ ఆఫీసర్లుగా ఉన్న మన తమ్ముళ్లకు ఒక విన్నపం: మనిషిని జీపు ఎక్కించేటప్పుడు డ్రమ్ము మీది లేబుల్ ఫొటో తీసి పంపండి. ఆ రాత్రి సెల్‌ఫోన్ అందరి జేబుల్లోనూ ఉంది, ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు.

కార్బన్ మోనాక్సైడ్ ఇంకా మోసం. చలికి మూసిన గదిలో బొగ్గుల కుంపటి, షెడ్డులో జనరేటర్ పొగ. ఆ విషం పట్టిన నెత్తురు ఎరుపు వెలుగుకు దాదాపు ఆక్సిజన్ పట్టిన నెత్తురులాగే కనబడుతుంది. మనిషి స్పృహ తప్పి ఉంటాడు, వేలి మీద అంకె 98 ఉంటుంది. అక్కడ అంకెను చూసి ఇంటికి పంపిస్తే ప్రాణం పోతుంది.

కోవిడ్ రెండో వేవ్‌లో మీలో చాలామంది నాకు ఫోన్ చేశారు. "94 చూపిస్తోంది, అన్నయ్యా, ఏం చేద్దాం?" రాత్రి రెండింటికి కూడా. గోళ్ల రంగు తీసెయ్యండి, చెయ్యి వేడి చేసుకోండి, కదలకుండా ఒక నిమిషం ఉంచండి, ఒక్క అంకె కాదు, పొద్దుటికీ సాయంత్రానికీ ఎటు పోతోందో చూడండి అని చెప్పేవాణ్ణి. ఇంకొకటి అప్పుడు నాకూ తెలియదు. 2020 చివర్లో అమెరికాలో మిషిగన్ డాక్టర్లు ఒక అధ్యయనం వేశారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్న రోగుల నెత్తురు తీసి చూస్తే, నల్లజాతివారిలో 11.7 శాతం మందికి అసలు ఆక్సిజన్ 88 కన్నా తక్కువ ఉంది. తెల్లవారిలో అది 3.6 శాతమే. చర్మపు రంగు లెక్కలోకి రాదని అయొయాగి సూత్రం, కాగితం మీద. పట్టిక తయారుచేసినప్పుడు ముదురు రంగు వేళ్లు తక్కువగా ఉంటే పట్టిక ఒక పక్కకు ఒరుగుతుంది. ఎండలో పనిచేసే మన నాన్నల వేళ్ల రంగు ఏమిటో మీకు తెలుసు. 94 చూసి "బాగానే ఉంది" అనుకున్న ఇళ్లు మన మండలాల్లో ఎన్నో.

ఇక రెండో మిషన్. ఇది చెప్పడం నాకు కష్టం. అయినా ఇది మన బడి, ఇక్కడ కాకపోతే ఎక్కడ చెబుతాను.

పుట్టిన పిల్లలకు వచ్చే కామెర్లు, మన దిక్కు పసిరికలు అంటాం. చాలామంది పిల్లలకు కొంచెం వచ్చి పోతుంది. కొందరికి బిలిరుబిన్ మరీ పెరిగి మెదడులోకి చేరితే చెవుడు, కాళ్లుచేతులు అదుపు తప్పడం, ప్రాణం పోవడం కూడా ఉంటాయి. దీనికి వెలుగే మందు అని కనిపెట్టింది ఒక నర్సు. 1950ల్లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ పిల్లల్ని ఎండ పొడకు ఆరుబయటకు తీసుకుపోయేది. ఒక పిల్లాడికి ఒళ్లంతా పసుపు తగ్గి, దుప్పటి కప్పి ఉన్న చోట మాత్రం పసుపు నిలిచిపోయిందని ఆమె డాక్టర్లకు చూపించింది. కిటికీ దగ్గర ఎండలో మర్చిపోయిన నెత్తురు సీసాలో బిలిరుబిన్ తగ్గిపోవడం కూడా అక్కడే గమనించారు. 1958లో క్రీమర్, ఆయన తోటివాళ్లు దాన్ని లాన్సెట్‌లో ప్రచురించారు. 460 నానోమీటర్ల దగ్గరి నీలం వెలుగు చర్మంలోని బిలిరుబిన్ అణువు ఆకారాన్ని మారుస్తుంది. మారాక అది శరీరం నుంచి సులువుగా బయటికి పోతుంది. వాతలు పెట్టడాలు, పసరు పోయడాలు పసిపిల్ల దగ్గరికి రానివ్వకండి. నేరుగా ఎండలో పడుకోబెట్టడం కూడా వైద్యం కాదు. ఎండలో నీలంతో పాటు కాల్చే అతినీలలోహితం, వేడి ఉంటాయి.

1997. నాకు మూడేళ్ల సర్వీసు. ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఫొటోథెరపీ యూనిట్ వెలగడం లేదని కబురొచ్చింది. పోయి చోక్ మార్చాను, రెండు స్టార్టర్లు మార్చాను. ట్యూబులు నీలంగా వెలిగాయి, గదంతా నీలమైంది. సర్వీస్ రిపోర్ట్ మీద "పనిచేస్తోంది" అని రాసి సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నమే ఒక ఆడపిల్లను దాని కింద పడుకోబెట్టారు. మరుసటి రోజు బిలిరుబిన్ తగ్గలేదు. ఆ మరుసటి రోజు పెరిగింది. మూడో రోజు హైదరాబాద్ పంపితే, అక్కడ నెత్తురు మార్చి బతికించారు.

వారం తరువాత మా సీనియర్ ఇంజనీరు ఫ్లక్స్ మీటర్ తెచ్చాడు. అప్పట్లో మా కంపెనీకి అది ఒక్కటే ఉండేది. పిల్ల పడుకునే చోట పెడితే 5 చూపించింది. ఆ యూనిట్లలో కనీసం 8, 10 ఉండాలి. ఇప్పుడు గట్టి వైద్యానికి 30 ఉండాలంటున్నారు. ట్యూబులు ఎన్ని గంటలు వెలిగాయో లెక్క లేదు, కింది ప్లాస్టిక్ షీటు మీద దుమ్ము, స్టాండు మరీ పైకి ఎత్తి ఉంది. నాకు మాత్రం అది జిగేల్‌మని కనబడింది. మన కన్ను బాగా చూసేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చను. 460 దగ్గరి నీలం సగానికి సగం పడిపోయినా కన్నుకు తేడా తెలియదు. నేను కంటితో చూసి సంతకం పెట్టాను.

ఆ పిల్ల ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది. ఎలా ఉందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఆ నర్సింగ్ హోమ్ రిజిస్టరులో ఊరు పేరు చూస్తే సరిపోయేది. చూసే ధైర్యం రాలేదు.

ఆ తరువాత నా సొంత డబ్బుతో ఒక మీటరు కొన్నాను, వాయిదాల మీద. ఇప్పుడు ట్యూబుల స్థానంలో నీలం ఎల్ఈడీలు వచ్చాయి. నీలం ఎల్ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది, అది ఇంటి బల్బు కోసం అనుకుంటాం కానీ పసిపిల్లల వార్డుల్లోనూ అదే వెలుగుతోంది. వీటి ఆయుష్షు ఎక్కువ, వేడి తక్కువ. అయినా మీటరు పెట్టకుండా నేను సంతకం చెయ్యను. మీ ఇంట్లో ఎవరి పాపనైనా ఆ వెలుగు కింద పెడితే, కళ్లకు గంతలు కట్టారా, డైపర్ తప్ప బట్టలు తీశారా చూడండి. "సిస్టర్, మీటరు ఎంత చూపిస్తోందమ్మా?" అని మర్యాదగా అడగండి. మంచి వార్డులో ఆ అంకె చార్టు మీద రాసే ఉంటుంది, అడిగినందుకు వాళ్లు సంతోషిస్తారు కూడా.

కంటి గురించి చెప్పమని మా బ్యాచ్ మిత్రుడొకడు చీటీ పంపాడు, వాడికి షుగరు. డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పెట్టినప్పటి నుంచి మన ప్రాంతానికి ఈ విషయంలో లోటు లేదు. 1991లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు ప్రకటించిన ఓసీటీ అనే స్కాన్, వెలుగుతోనే రెటీనా పొరల్ని కోత లేకుండా పొర పొరగా చూపిస్తుంది. మన పక్క మెదక్ జిల్లా మల్కాపూర్‌లో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో అద్దాలు తీసుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అద్దాలు వేరు, రెటీనా వేరు. షుగరు ఉన్నవాళ్లు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కంటి పాపలో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. ఒరేయ్, ముఖ్యంగా నువ్వు.

చివరగా ఒక చిన్న ప్రకటన. భోజనాల తరువాత మూడు గంటల నుంచి ఐదింటి దాకా పాత ఫిజిక్స్ ల్యాబ్‌లో కూర్చుంటాను. కోవిడ్ నాడు కొని బీరువాలో పడేసిన ఆక్సీమీటర్లు తెమ్మని కమిటీ వాట్సాప్‌లో ముందే పెట్టారు. బ్యాటరీలు కారి తుప్పు పట్టినవి శుభ్రం చేస్తాను, నా మంచి మిషన్ పక్కన పెట్టి తేడా ఎంతుందో చీటీ రాసి అంటిస్తాను. పనికిరానివి అక్కడే డబ్బాలో వెయ్యండి. పిల్లలున్న వాళ్లు వాళ్లను తీసుకురండి. గది చీకటి చెయ్యడానికి గోనె సంచులు తెచ్చాను, మూడు సెల్లుల టార్చి కూడా దొరికింది. సారు వస్తానన్నారు.